కొలతల మార్పిడిలో పొరపాటు పడకుండుట ఎట్లు?

కలుపు మందు సిఫారసు హెక్టారుకు ఇంత అని ఉండును. మీ పొలము ఎకరములలోను, సెంట్లలోను, తెలంగాణములో అయినచో గుంటలలోను ఉండును. మందు లీటర్లలో అమ్ముదురు. వీపున తగిలించుకొను పిచికారీ పంపులో పదహారు లీటర్లు పట్టును. ఎరువు సిఫారసు కిలోల నత్రజనిలో చెప్పుదురు. కొట్టులో దొరకునది యూరియా బస్తా. సిఫారసు ఒక కొలతలో, పని మరియొక కొలతలో జరుగుచుండగా, నడుమ లెక్క కట్టవలసినవారు మీరే. ఆ లెక్క తప్పినచో విత్తనము మంచిదైనను, మందు మంచిదైనను ప్రయోజనము ఉండదు.

హెక్టారు మోతాదును పొరపాటున ఎకరమునకు వేసినచో ఎంత తేడా వచ్చునో చూడుడు. ఒక హెక్టారు 2.471 ఎకరములు. అనగా పైరు మీద పడునది రెండున్నర రెట్ల మందు. తిరగవేసి తప్పినచో, వేయవలసిన దానిలో సగము కూడ పడదు. కలుపు చావదు, ఖర్చు మాత్రము పోవును. ఈ రెండు తప్పులను పొలములో దిగకముందే, కాగితము మీదనే పట్టుకొనుటకు ఒక పద్ధతి కలదు. అందుకు గుణకారము, భాగహారము వచ్చిన చాలును.

మన దేశములో ఇన్ని కొలతలు కలగలిసి ఉండుటకు కారణము కలదు. తూనికలు కొలతల ప్రమాణముల చట్టము 1956లో వచ్చినది. 1958 నుండి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలు జరిగినవి. వీశె, మణుగు, సేరు క్రమముగా తప్పుకొని కిలో, క్వింటాలు నిలిచినవి. కాని భూమి కొలతలో ఎకరము పోలేదు, పోవునట్లును లేదు. కాలువ నీటికి క్యూసెక్కు, జలాశయమునకు టి.యం.సి. ఇప్పటికిని అడుగుల లెక్కలే. నెల్లూరు ప్రాంతమున ధాన్యము బేరము పుట్లలోనే నడచుచున్నది. కావున రెండు మూడు రకముల కొలతలతో కాపురము చేయక తప్పదు.

అంకె ప్రక్కన కొలత

పద్ధతి ఇది. ఏ అంకెను వ్రాసినను దాని ప్రక్కన కొలత పేరు వ్రాయవలెను. 120 అని వ్రాయరాదు; 120 కిలోల నత్రజని / 1 హెక్టారు అని వ్రాయవలెను. తరువాత, కొలత మార్చవలసినప్పుడు, సమానమైన రెండు కొలతలను భిన్నముగా వ్రాసి గుణింపవలెను. 1 హెక్టారు, 2.471 ఎకరములు ఒకే విస్తీర్ణము. అందుచేత (1 హెక్టారు / 2.471 ఎకరములు) అను భిన్నము విలువ ఒకటే. దేనినైనను ఒకటితో గుణించినచో దాని విలువ మారదు. కొలత పేరు మాత్రము మారును. పైన ఉన్న కొలత పేరు క్రింద కూడ ఉన్నచో రెండును కొట్టివేయవచ్చును. చివరకు మిగిలిన పేరు మీకు కావలసిన పేరైనచో లెక్క అమరిక సరి. కానిచో తప్పు, అంకె ఎంత అందముగా వచ్చినను తప్పే.

వేరుసెనగలో విత్తిన వెంటనే చల్లు పెండిమిథాలిన్ 30 ఇ.సి. మందును ఉదాహరణగా తీసికొందము. సిఫారసు హెక్టారుకు 1 కిలో అసలు మందు అనుకొనుడు. డబ్బాలోనిది అంతయు అసలు మందు కాదు, 30 ఇ.సి. అనగా లీటరు ద్రావణములో సుమారు 300 గ్రాములు, అనగా 0.3 కిలో అసలు మందు ఉండును. ఎకరమునకు ఎన్ని లీటర్లు కావలెను?

(1 కిలో అసలు మందు / 1 హెక్టారు) × (1 హెక్టారు / 2.471 ఎకరములు) × (1 లీటరు / 0.3 కిలో అసలు మందు)

పైన హెక్టారు, క్రింద హెక్టారు పోయినవి. పైన కిలో అసలు మందు, క్రింద కిలో అసలు మందు పోయినవి. పైన లీటరు, క్రింద ఎకరము మిగిలినవి. మనకు కావలసినది సరిగా అదే. ఇప్పుడు అంకెలు: 1 ÷ (2.471 × 0.3) = 1.35. ఎకరమునకు 1.35 లీటర్లు, అనగా 1,350 మిల్లీలీటర్లు.

ఇందులో ఒక భిన్నమును తలక్రిందులుగా వ్రాసితిమనుకొనుడు. హెక్టారుకు 1 కిలోను (2.471 ఎకరములు / 1 హెక్టారు) తో గుణించినచో హెక్టారు పోవుటకు బదులు క్రింద రెండుమార్లు చేరును; పైన ఎకరము వచ్చి కూర్చుండును. "కిలో ఎకరము, క్రింద హెక్టారు హెక్టారు" అను కొలత ప్రపంచమున ఎచ్చటను లేదు. కొలత పేర్లు వ్రాయనివానికి 2.471 అను అంకె మాత్రమే కనబడును. అది నమ్మదగినదిగనే ఉండును. పేర్లు వ్రాసినవాడు అక్కడనే ఆగిపోవును. గుణింపవలెనా, భాగింపవలెనా అని తలగోకుకొను పని ఈ పద్ధతిలో ఉండదు. కొలత పేరే త్రోవ చూపును.

ఇక పంపు లెక్క. దీనికి ముందుగా మీరు ఎకరమునకు ఎంత నీరు చల్లుదురో తెలియవలెను. అది మీ నడకను బట్టి, నాజిల్‌ను బట్టి మారును గనుక పుస్తకములో చూచి చెప్పుటకు వీలు లేదు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల చదరములో ఉత్త నీటిని మామూలు నడకతో చల్లి, ఎన్ని లీటర్లు ఖర్చయినవో కొలువుడు. 5 లీటర్లు పట్టెననుకొనుడు. ఎకరము 4,047 చదరపు మీటర్లు.

(5 లీటర్లు / 100 చదరపు మీటర్లు) × (4,047 చదరపు మీటర్లు / 1 ఎకరము) = ఎకరమునకు సుమారు 202 లీటర్లు.

దీనిని 200 అనుకొనవచ్చును. అప్పుడు ఒక ట్యాంకునకు పోయవలసిన మందు:

(1,350 మిల్లీలీటర్లు / 1 ఎకరము) × (1 ఎకరము / 200 లీటర్ల నీరు) × (16 లీటర్ల నీరు / 1 ట్యాంకు) = ట్యాంకునకు 108 మిల్లీలీటర్లు.

దీనిని కొలగిన్నెతో పోయవలెను. "మూత నిండుగా" అని కొలుచు అలవాటు మానుకొనుట మంచిది. మూతలన్నియు ఒకే పరిమాణముగా ఉండవు. ఇక్కడి అంకెలు లెక్క చూపుటకు తీసికొన్నవి. నేలను బట్టి, పైరును బట్టి మోతాదు మారును గనుక డబ్బా మీది లేబులులో ఉన్న దానినే పాటింపవలెను.

నత్రజని వేరు, యూరియా వేరు

ఎరువుల లెక్కలో తప్పు చాలవరకు ఇక్కడ దొరలును. "కిలో" అని ఒక్క మాట వ్రాసి ఊరకున్నచో చాలదు. కిలో దేనిది? కిలో నత్రజని ఒక కొలత, కిలో యూరియా మరియొక కొలత. రెండింటిని ఒకదానితో ఒకటి కొట్టివేయరాదు. కొలత పేరులో పదార్థము పేరు కూడ చేరవలెను.

వేపపూత యూరియాలో నత్రజని 46 శాతము. బస్తా 2018 నుండి 45 కిలోలు. అంతకు పూర్వము 50 కిలోలు. పాత కరపత్రములలోని బస్తాల లెక్కను ఇప్పుడు యథాతథముగా తీసికొనరాదు. గంధకపు పూత యూరియా అని 2024 నుండి 40 కిలోల బస్తాలో వచ్చుచున్న దానిలో నత్రజని 37 శాతమే. వరికి హెక్టారుకు 120 కిలోల నత్రజని సిఫారసు ఉన్నదనుకొందము. ఎకరమునకు 45 కిలోల వేపపూత యూరియా బస్తాలు ఎన్ని?

(120 కిలోల నత్రజని / 1 హెక్టారు) × (1 హెక్టారు / 2.471 ఎకరములు) × (100 కిలోల యూరియా / 46 కిలోల నత్రజని) × (1 బస్తా / 45 కిలోల యూరియా)

నాలుగు మెట్లు. కొట్టివేయగా మిగిలినది బస్తా పైన, ఎకరము క్రింద. అంకె 2.35. ఎకరమునకు రెండు బస్తాలు, దానిపై 16 కిలోలు. మీ మడి 35 సెంట్లే అయినచో, 100 సెంట్లు ఒక ఎకరము గనుక, 105.6 కిలోలను 0.35తో గుణింపగా దాదాపు 37 కిలోలు. గుంటలలో అయినను ఇదే తీరు. ఎకరమునకు 40 గుంటలు. ఈ యూరియాను ఒక్కసారిగా గాక దఫాలుగా వేయవలెనని వేరుగా చెప్పనక్కర లేదు గదా.

హెక్టారు మెట్టును మరచినచో ఎకరమునకు 5.8 బస్తాలని తేలును. అంత యూరియా పడిన వరి నల్లబడునంత పచ్చగా ఎదిగి, దోమపోటునకు, అగ్గి తెగులునకు లోనై, ఈనిన తరువాత పడిపోవును. చూచువారికి మొదట్లో పైరు బహు బాగున్నట్లు కనబడుటయే ఇందులోని మోసము.

అడుగున డి.ఎ.పి. వేయువారు ఇంకొక మెట్టు గుర్తుంచుకొనవలెను. డి.ఎ.పి.లో భాస్వరము 46 శాతము, నత్రజని 18 శాతము. హెక్టారుకు 60 కిలోల భాస్వరము అనగా ఎకరమునకు 24.3 కిలోలు, దానికి 52.8 కిలోల డి.ఎ.పి. కావలెను. దానితోపాటు 9.5 కిలోల నత్రజని వచ్చి పడినది. ఎకరమునకు కావలసిన 48.6 కిలోలలో దీనిని తీసివేయగా 39.1 కిలోలకే యూరియా వేయవలెను; అది 85 కిలోలు, అనగా రెండు బస్తాలు కూడ నిండవు. బస్తాలో దాదాపు సగము మిగిలినట్లే.

సున్నలు లెక్కింపనక్కర లేని పద్ధతి

కొన్ని లెక్కలలో అంకె చాల పెద్దది, మరికొన్నింటిలో చాల చిన్నది. అక్కడ ఒక సున్న జారినచో పది రెట్లు తేడా వచ్చును. దీనికి విరుగుడుగా అంకెను రెండు ముక్కలుగా వ్రాయుదురు: ఒకటికిని పదికిని నడుమ ఉండు సంఖ్య ఒకటి, దాని ప్రక్కన పది యొక్క ఘాతము. నూరు 10², వేయి 10³, లక్ష 10⁵, కోటి 10⁷. పదిపైన చిన్నగా వ్రాసిన అంకె ఎన్ని సున్నలో చెప్పును. 4,047 ను 4.047 × 10³ అని వ్రాయుదురు. ఒకటికి తక్కువైన వాటికి ఋణ గుర్తు: పదవ వంతు 10⁻¹, పదిలక్షల వంతు 10⁻⁶. గుణించునప్పుడు పై అంకెలను కూడవలెను, భాగించునప్పుడు తీసివేయవలెను. అంతకు మించి ఇందులో మర్మమేమియు లేదు.

భూసార పరీక్ష పత్రమును చూడుడు. 2015లో మొదలైన భూసార ఆరోగ్య పత్రములలో నత్రజని, భాస్వరము, పొటాషు హెక్టారుకు కిలోలలో ఉండును. జింకు, ఇనుము వంటివి మాత్రము పి.పి.యం. అని ఉండును. పి.పి.యం. అనగా పదిలక్షల భాగములలో ఒక భాగము. కిలో మట్టిలో ఒక మిల్లీగ్రాము. సాధారణముగా జింకు 0.6 కంటె తక్కువైనచో వరికి లోపమని చెప్పుదురు. ఈ 0.6 ఎంత? ఎకరమున నాగలి తిరుగు 15 సెంటీమీటర్ల మట్టిని తూచి చూతము. ఘనపు మీటరు మట్టి 1.5 టన్నులు, అనగా 1.5 × 10³ కిలోలు తూగుననుకొందము.

4.047 × 10³ చదరపు మీటర్లు × 1.5 × 10⁻¹ మీటరు = 6.07 × 10² ఘనపు మీటర్లు

6.07 × 10² ఘనపు మీటర్లు × (1.5 × 10³ కిలోల మట్టి / 1 ఘనపు మీటరు) = 9.1 × 10⁵ కిలోల మట్టి

ఎకరమున పై పొర మట్టి తొమ్మిది లక్షల కిలోల పైచిలుకు. దీనిని కిలోకు 0.6 మిల్లీగ్రాముతో గుణించినచో 5.46 × 10⁵ మిల్లీగ్రాములు. మిల్లీగ్రాము 10⁻⁶ కిలో గనుక 0.546 కిలో. తొమ్మిది లక్షల కిలోల మట్టిలో పైరునకు అందు జింకు అరకిలోకు కొంచెము ఎక్కువ! అందుచేతనే ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు చాలుననుట. అందులో జింకు 21 శాతము, అనగా 4.2 కిలోలు. చల్లినదంతయు పైరునకు అందదు. చాలభాగము మట్టి పట్టి ఉంచుకొనును. అయినను ఉన్న అరకిలోతో పోల్చినచో అది ఎంత పెద్ద మొత్తమో తెలియుచున్నది.

ఇక పెద్ద అంకె. పత్రికలలో నిత్యము చదువు టి.యం.సి. అనగా వేయి మిలియన్ల ఘనపుటడుగులు. వేయి 10³, మిలియను 10⁶. కలిసి 10⁹, మన లెక్కలో నూరు కోట్లు. ఎకరము 43,560 చదరపు అడుగులు, అనగా 4.356 × 10⁴.

10⁹ ఘనపుటడుగులు ÷ (4.356 × 10⁴ చదరపు అడుగులు / 1 ఎకరము) = సుమారు 2.3 × 10⁴ ఎకరములు, ఒక అడుగు లోతున.

ఒక టి.యం.సి. నీరు దాదాపు 23,000 ఎకరములలో ఒక అడుగు లోతున నిలుచును. వరికి పంట కాలమంతటికి నాలుగడుగుల నీరు పట్టుననుకొన్నచో 5,700 ఎకరములకు వచ్చును. కాలువలలో ఇంకిపోవునది పోగా ఇంకను తక్కువ. ఫలానా చెరువుతో ఇన్ని వేల ఎకరములు తడియునని ఎవరైనా చెప్పినప్పుడు దీనితో సరిచూచుకొనవచ్చును.

క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజునకు 86,400 సెకన్లు, అనగా 8.64 × 10⁴. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీలో నిలుచు నీరు సుమారు 3 టి.యం.సి.లు. పైనుండి చుక్క నీరు రాక, కాలువలకు 10,000 క్యూసెక్కులు వదలినచో 3 × 10⁹ ను 10⁴ తో భాగింపగా 3 × 10⁵ సెకన్లు, దానిని 8.64 × 10⁴ తో భాగింపగా మూడున్నర దినములు. కృష్ణా డెల్టా నారుమళ్లు ఎగువ నీటి కొరకు ఎందులకు ఎదురుచూచునో ఈ ఒక్క లెక్క చెప్పును.

మోటారు నీరు

బోరు క్రింద సేద్యము చేయువారికి వేరు లెక్క. 200 లీటర్ల డ్రమ్మును పైపు క్రింద ఉంచి ఎన్ని సెకన్లలో నిండునో చూడుడు. 25 సెకన్లలో నిండినచో సెకనుకు 8 లీటర్లు. ఎకరము మడిలో 5 సెంటీమీటర్ల నీరు నిలుపుటకు ఎంతసేపు మోటారు వేయవలెను? ఎకరమునకు కావలసిన నీరు 4,047 చదరపు మీటర్లు × 0.05 మీటరు = 202 ఘనపు మీటర్లు, అనగా 2.02 × 10⁵ లీటర్లు.

2.02 × 10⁵ లీటర్లు × (1 సెకను / 8 లీటర్లు) × (1 గంట / 3,600 సెకన్లు) = 7 గంటలు.

లీటరు పైన, లీటరు క్రింద, సెకను పైన, సెకను క్రింద, గంట మిగిలినది. ఇది దమ్ము చేసి నీరు నిలుచు నేల లెక్క. ఇసుక నేలలో ఇంకునది ఇంకుచునే ఉండును. కాలువ వారికి ఇంకొక సులువు: ఒక క్యూసెక్కు నీరు ఒక గంట పారినచో ఒక ఎకరమున దాదాపు సరిగా ఒక అంగుళము నిలుచును. అడుగుల కొలతలు ఇంకను బ్రతికి ఉండుటకు ఇటువంటి సౌకర్యములు కూడ కారణమేమో!

ధాన్యము బేరములో

నెల్లూరు పుట్టి 850 కిలోలు. కృష్ణా, గోదావరి జిల్లాలలో బస్తా 75 కిలోలు. ప్రభుత్వ మద్దతు ధర మాత్రము క్వింటాలుకు, అనగా 100 కిలోలకు చెప్పుదురు. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకమునకు క్వింటాలుకు 2,369 రూపాయలు.

(2,369 రూపాయలు / 1 క్వింటాలు) × (1 క్వింటాలు / 100 కిలోలు) × (850 కిలోలు / 1 పుట్టి) = పుట్టికి 20,136 రూపాయల 50 పైసలు.

75 కిలోల బస్తాకు ఇదే తీరున 1,776 రూపాయల 75 పైసలు. వ్యాపారి వచ్చి పుట్టికి 19,500 అన్నచో అంకె పెద్దది గనుక బాగున్నట్లే తోచును. దానిని 8.5 క్వింటాళ్లతో భాగించి చూడుడు: క్వింటాలుకు 2,294 రూపాయలు. మద్దతు ధరకు 75 రూపాయలు తక్కువ. పది పుట్ల ధాన్యమున్న రైతుకు ఇది 6,365 రూపాయల మాట. బేరమునకు కూర్చుండకముందే ఈ అంకెను చీటీ మీద వ్రాసి జేబులో ఉంచుకొనుడు. తేమకు, తరుగునకు తీయునది వేరుగా అడిగి వ్రాయించుకొనవలెను. పుట్టికి ఎన్ని కిలోలు తూచుచున్నారో కూడ ముందే తేల్చుకొనవలెను.

ఈ పద్ధతి పట్టలేనివి

కొలత పేర్లు సరిగా కొట్టివేయబడినంత మాత్రమున జవాబు సరియైనదని అనుకొనరాదు. బస్తా 45 కిలోలైతే 50 అని వ్రాసినను పేర్లు చక్కగానే కొట్టివేయబడును; జవాబు మాత్రము తప్పు. కావున బస్తా మీద అచ్చువేసిన బరువును, శాతమును కన్నులార చూచి వ్రాయవలెను. అట్లే లీటరు నీరు కిలో తూగును గాని, లీటరు మందు కిలో తూగునని అనుకొనరాదు. గ్రాములలో చెప్పిన పొడి మందును మిల్లీలీటర్ల గిన్నెతో కొలువరాదు. దానికి చిన్న త్రాసు కావలెను.

భాస్వరము విషయములో ఇంకొక చిక్కు కలదు. బస్తా మీది 46 శాతము భాస్వరపు ఆక్సైడు లెక్క, మన సిఫారసులును ఆ లెక్కయే. కాని కొన్ని పరీక్షా పత్రములలో అసలు భాస్వరమునే చూపుదురు. ఒక కిలో ఆక్సైడులో అసలు భాస్వరము 0.436 కిలో మాత్రమే. పొటాషులోను అంతే, అక్కడ 0.83. పత్రములో ఏది ఇచ్చినారో తెలియనిచో ఆ పరీక్ష చేసిన వారినే అడిగి, కొలత పేరు ప్రక్కన ఆ పదార్థము పేరు వ్రాసికొని, ఆ తరువాతనే లెక్క మొదలుపెట్టవలెను.